గుర్రానికి ఎంత చెప్పాలె?

ఎద్దును అమ్మేవాడికి అంగడి తోడుంటుంది. జగిత్యాల చుట్టుపక్కల ఏ రైతునడిగినా నాలుగు పండ్ల కోడెల జత ఈ కారుకు ఎంత పలుకుతున్నదో, పూటకు నాలుగు లీటర్లిచ్చే రెండో ఈత బర్రె ఏ ధరకు పోతుందో ఒకటి రెండు వేలు అటూ ఇటూగా చెప్పేస్తాడు. గుర్రాన్ని అమ్మేవాడికి ఆ తోడు లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఇప్పుడు గుర్రం కనిపించేది ఎక్కువగా బరాత్‌లోనే. 2019 పశుగణనలో దేశమంతా కలిపినా గుర్రాలు, పొట్టి గుర్రాలు 3.4 లక్షలే లెక్కకొచ్చాయి. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. అదే లెక్కలో ఒక్క తెలంగాణలోనే గొర్రెలు కోటీ తొంభై లక్షలు. గొర్రెకు ధర చెప్పడానికి ఊరంతా ఉంది, గుర్రానికి ధర చెప్పడానికి యజమాని ఒక్కడే. ఎవరో నిరుడు అమ్మిన ధర పట్టుకుని ఈ ఏడు చెప్పడానికి సరిపడా అమ్మకాలే జరగవు.

అందుకే ఈ ప్రాంతంలో గుర్రం అమ్మకం మొదట్లోనే దారి తప్పుతుంది. యజమానిని ధరెంత అని అడిగితే మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. ‘నేనే ఇంత పెట్టి తెచ్చిన.’ ‘దీని మీద రెండేండ్లు ఎంత ఖర్చు పెట్టిన్నో నాకే తెలుసు.’ ‘ఫోన్ల వీడియోల చూసిన, గిసుంటిదానికి అయిదు లక్షలు చెప్తున్నరు.’ మూడూ నిజాలే కావచ్చు, కానీ మూడింటిలో ఒక్కటీ ధర కాదు. కొన్న ధర నిన్నటిది, అప్పటికి గుర్రం వయసు వేరు. పెట్టిన దాణా ఖర్చు అది తిని, పనిచేసి, తీర్చేసింది. ఇక వీడియోలో చెప్పింది అమ్ముడుపోని గుర్రం ధర కూడా కావచ్చు. కొనేవాడు డబ్బు పెట్టేది రేపటి మీద. ఈ జంతువు తన చేతిలో ఇంకా ఎన్నేండ్లు, ఎంత పని, ఎంత నిమ్మళంగా చేస్తుందన్నదే అతనికి కావాల్సింది. చెప్పే ధర అక్కడ మొదలవ్వాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా దాన్ని ఎలా లెక్కకట్టాలన్నదే.

గుర్రం ధర సమస్య తెలుగు నేలకు కొత్తది కాదు. దక్కనులో మేలుజాతి గుర్రాలు పుట్టడం తక్కువ కాబట్టి అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో తెప్పించుకునేవారు. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన విజయనగర చరిత్రలో ఒక సంగతి ఉంది. సాళువ నరసింహరాయలు ఓర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలను వెయ్యి వరహాలకు మూడు చొప్పున, బతికున్నా చచ్చినా కొన్నాడట. సముద్రం మీద చచ్చినదానికి తోక తెచ్చి చూపితే చాలు, బతికిన గుర్రంతో సమానంగా సొమ్ము ఇచ్చేవాడట. పైకి వెర్రి బేరంలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో గట్టి లెక్క ఉంది. దారిలో చావు భయం వర్తకుడి నెత్తిన పెడితే అతను ఆ భయాన్ని కూడా ధరలో కలిపి అడుగుతాడు, లేదా అసలు రాడు. రాజు ఆ నష్టాన్ని తన మీద వేసుకుని వర్తకులను తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో చెప్పిందీ ఆ దారిలోనిదే. ఏనుగులను, గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులకు మంచి వెలా మర్యాదా ఇచ్చి దగ్గర చేసుకోవాలి, ఆ సరుకు శత్రువుల చేతిలో పడకూడదు అని. ధరలో జంతువుతో పాటు నష్టభయం కూడా ఉంటుంది. అది ఎవరి వంతో ముందే తేల్చుకోవాలి. కోరుట్లలో ఒక బరాత్ గుర్రం చేతులు మారినా ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. బేరం కుదిరిన వారం రోజులకు కుంటితే ఎవరి నష్టం?

సర్కారు కట్టిన ధర ఎలా నడుస్తుందో మన కండ్ల ముందే జరిగింది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ ధర 1,25,000 రూపాయలు. అందులో గొల్లకుర్మల వాటా 31,250. తర్వాత యూనిట్‌ను 1,75,000కు పెంచారు. తలకు చూస్తే దాదాపు 5,950 రూపాయలున్నది 8,300 దాటింది. పండ్లు ఎన్ని, ఈత ఎన్నోది, ఎండాకాలమా వానాకాలమా అన్న తేడా లేకుండా అన్నింటికీ ఒకటే ధర. అలా కట్టినప్పుడు ఆ ధరకు మించిన మంచి గొర్రె రాదు, దానికి తక్కువైనది మాత్రం దండిగా వస్తుంది. ఇచ్చిన గొర్రెలే మళ్లీ తిరిగి అమ్మకానికి రావడం, కాగితాల మీదే పంపిణీ జరగడం, చివరికి ఏసీబీ కేసులు, అన్నీ చూశాం. ఒక్కో జంతువును విడిగా చూడకుండా ధర కట్టకూడదని ఇంతకన్నా పెద్ద పాఠం అక్కర్లేదు.

అంగడిలో ఎద్దుల బేరం చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కొనేవాడు ముందు దూరం నుంచి నడక చూస్తాడు. దగ్గరికొచ్చి మూతి పట్టి పండ్లు చూస్తాడు. రెండు పండ్లంటే రెండేండ్లు దాటిన కోడె, ఎనిమిదీ నిండితే అయిదేండ్ల దగ్గరి ఎద్దు. మెడ మీద కాడి కాయ చూస్తాడు. వెలపటనా దాపటనా ఏ పక్క కట్టిందో అడుగుతాడు. గిట్టలు ఎత్తి చూస్తాడు, సుడులు లెక్కపెడతాడు. తర్వాత దళారి తువ్వాల కప్పి వేళ్లు పట్టుకుంటాడు. ఏ వేలు నొక్కితే ఎన్ని వేలో ఆ ఇద్దరికే తెలుసు. పక్కవాడికి ధర వినపడదు కాబట్టి అమ్మేవాడి మాట పోదు, కొనేవాడి పరువూ పోదు. ఈ పద్ధతిలో నాకు నచ్చింది మొదటి సగం, నచ్చనిది రెండోది. జంతువును నిలువెల్లా చూసి, ఒక్కో గుణానికి ధరలో కొంత కలిపి, ఒక్కో లోపానికి కొంత తీసి లెక్కకట్టడం గొప్ప విద్య. తువ్వాల కింద మాత్రం లాభం దళారిదే. ఇటు లక్షకు తెంపి అటు లక్షా పదికి చెప్పే వీలు ఆ గుడ్డ కిందే ఉంది. గుర్రానికి దళారి కావాలంటే పెట్టుకోవచ్చు. కానీ అతని కమీషన్ ఎంతో, ఎవరిస్తారో ముందే మాట్లాడి, ధర మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా నోటితో చెప్పుకోవాలి.

గుర్రం విషయంలో చూపు ఎక్కడెక్కడ ఆగాలో కొంచెం వివరంగా చెప్తాను, అసలు ధర తేలేది అక్కడే. ముందు వయసు. రెండున్నరేండ్లకు ముందరి పాలపండ్లు ఊడి పెద్దవి వస్తాయి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు చివరివి. అయిదేండ్లకు నోరు నిండుతుంది. అక్కడి నుంచి పండ్ల మీది నల్లగుంటలు అరగడాన్ని బట్టి ఎనిమిది దాకా చెప్పొచ్చు. పదేండ్ల దగ్గర పై దవడ చివరి కొరుకుడు పంటి మీద చిగురు పక్కన ఒక గాడి మొదలవుతుంది. అది పదిహేనుకు సగం దాకా, ఇరవైకి మొత్తం దిగుతుంది. గుర్రం పాతికేండ్లు బతుకుతుంది కాబట్టి ఎనిమిదేండ్లది ముసలిది కాదు, మంచి పనిలో ఉన్నది. ఈ సంగతి తెలియక ఎద్దు లెక్క పట్టుకుని ‘ఎనిమిదేండ్లా, ఇంకేముంది’ అని తగ్గించి అడిగేవాళ్లున్నారు. తెలియక తగ్గించి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు.

తర్వాత కాళ్లు. గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టుకుని దుడుకు నడకలో నడిపించాలి. ముందరి కాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకి లేస్తుంది. సీసీ రోడ్ల మీద, డీజే బండి వెనక గంటలకొద్దీ నిలబడే గుర్రాలకు గిట్టల జబ్బు సామాన్యం. అందుకే నాలుగు గిట్టలూ ఎత్తి చూడనిచ్చే గుర్రానికి ఒక ధర, ముట్టనివ్వనిదానికి ఇంకో ధర. బరాత్ పనికి అన్నిటికన్నా విలువైన గుణం మాత్రం కంటికి కనపడదు. పటాకులు పేలినా, బ్యాండు చెవిలో మోగినా, పిల్లలు తోక లాగినా కదలకుండా నిలబడే ఓర్పు అది. ఆ ఓర్పున్న మామూలు జాతి గుర్రం, బెదిరే మార్వాడీ గుర్రం కన్నా పెండ్లికొడుకుకూ యజమానికీ మేలు. చెప్పే ధరలో దీనికి పెద్ద వాటా ఇవ్వాలని నా అభిప్రాయం. కొనేవాడికి దీన్ని రుజువు చేయడం కూడా సులువే. రాబోయే బరాత్‌కు అతన్ని రమ్మని పిలిస్తే చాలు.

రంగు, ఎత్తు, చెవులు వీటి తర్వాతవి. పెండ్లిళ్లలో తెల్ల గుర్రానికే గిరాకీ. గులాబీ తోలు మీద తెల్లటి నుక్రాకు ఉత్తరాదిన ఉన్న మోజు ఇక్కడికీ వచ్చింది. నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉండే పంచకల్యాణి అంటే మన పెద్దవాళ్లకు మొదటి నుంచీ శుభమే. సుడుల సంగతి కొంచెం ఇబ్బంది. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి కీడు అనడానికి ఏ ఆధారమూ లేదు. కానీ మళ్లీ అమ్మబోతే రేపటి కొనుగోలుదారు కూడా అదే సుడి చూస్తాడు కాబట్టి ఇవాళ్టి ధర కొంత తగ్గుతుంది. నమ్మకాన్ని ఒప్పుకోకపోయినా అది తెచ్చే తగ్గుదలను ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహించుకున్నవి, ఎవరి ఖాతావి వాళ్లు వేసుకోవాలి. ఒక గుర్రం ఏడాదికి నలభై బరాత్‌లు, ఒక్కోదానికి 5,000 తెస్తుందనుకుందాం. మొత్తం రెండు లక్షలు. గడ్డి, గుగ్గిళ్లు, తవుడు కలిపి రోజుకు 250 చొప్పున ఏడాదికి 91,250. నాడాలు, డాక్టరు, పట్టుకుని నడిచే పిల్లగాని కూలి, ట్రాలీ కిరాయి మరో 50,000. చేతికి మిగిలేది 58,750. గుర్రం వయసు ఎనిమిదేండ్లు, ఇంకో ఏడెనిమిదేండ్లు పనిచేసే వీలుంది. కానీ ఏడేండ్ల మిగులు మొత్తం కలిపి అడిగితే ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. ఒక్క శూల నొప్పితో, ఒక్క కాలు విరుపుతో అదంతా పోయే పెట్టుబడి ఇది. రెండు నుంచి మూడేండ్లలో పెట్టింది చేతికి రావాలని కొనేవాడు కోరుకోవడం న్యాయమే. అంటే 1,17,500 నుంచి 1,76,000 దాకా. ఓర్పున్నది, కాళ్లు గట్టివి అయితే పై అంచు, లేకపోతే కింది అంచు. అలాంటి గుర్రానికి లక్షా అరవై చెప్పి లక్షా నలభై దగ్గర తెంపుకుంటే ఇద్దరిలో ఎవరూ మోసపోలేదు. మూడు లక్షలు చెప్పి లక్షా నలభైకి దిగినా చేతికి వచ్చేది అంతే, కానీ ఆ దిగడంలో అమ్మేవాడి మాటకు విలువ పోతుంది. తర్వాత గుర్రం గురించి అతను చెప్పే నిజాలు కూడా బేరం మాటల్లాగే వినపడతాయి. బేరానికి వదిలే జాగా పది పదిహేను శాతం దాటకూడదంటాను.

ఈ లెక్క సర్కారు కాగితాలకూ దగ్గరగానే ఉంది. జాతీయ పశుసంపద మిషన్ బీమా మార్గదర్శకాల్లో పాడి పశువు విలువను పాలతోనే కట్టారు. రోజుకిచ్చే పాలలో లీటరుకు ఆవుకైతే కనీసం 3,000, బర్రెకైతే 4,000. గుర్రం, గాడిద, కంచరగాడిద లాంటి మోత జంతువుల దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఆగిపోయింది. యజమానీ బీమా కంపెనీ పశువైద్యుడి ముందు మాట్లాడుకుని తేల్చుకోవాలన్నారు. అమ్మకానికి ముందు ఇలా బీమా చేయించి ఉంటే ఆ కాగితమే ధరకు మంచి సాక్ష్యం.

కాలం కూడా ధరే. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెండ్లిళ్లు ఉండవు. అప్పుడు గుర్రం తినేదే గానీ తెచ్చేది ఉండదు. అమ్మాలనుకున్నవాడు మాఘం ముంగట అమ్మితే కొనేవాడు పెట్టిన డబ్బు వెంటనే పనిలో పడుతుంది. పోల్చి చూసుకోవడానికి మన దగ్గర గుర్రాల అంగడి లేదు గానీ సరిహద్దు అవతల నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్‌లో డిసెంబరు ప్రాంతాన ఖండోబా జాతర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు చేతులు మారే పెద్ద జాతర. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి ఆర్మూరు, నిజామాబాద్ మీదుగా రోడ్డు ఉంది. అమ్మకపోయినా ఒకసారి వెళ్లి నాలుగు గుర్రాలు నిజంగా ఎంతకు తెగాయో చూసి వస్తే ఆ ధర వంద వీడియోల కన్నా నమ్మదగింది. అక్కడి ధరను యథాతథంగా ఇక్కడ చెప్పకూడదు. అక్కడ కొని తెచ్చుకునేవాడికి ట్రాలీ ఖర్చు, దారికి పశువైద్యుడి ధ్రువపత్రం, కొత్త చోట గుర్రం అలవాటు పడేదాకా పోయే పని ఉంటాయి. ఇంటి దగ్గర దొరికే గుర్రానికి ఆ మేర ఎక్కువ అడగొచ్చు. పన్ను సంగతి రెండు మాటల్లో: ఆవు, బర్రె, గాడిదలకు జీఎస్టీ లేదు, గుర్రానికి ఉంది. మొదట 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. జీఎస్టీ నమోదు లేని చిన్న యజమానికి అది తగలదు.

ఇక లోపాలు చెప్పాలా వద్దా అన్నది. ఈ ప్రశ్నకు మన చట్టం గుర్రాన్నే ఉదాహరణగా తీసుకుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెప్తూ గుర్రం అమ్మకం మీదే మూడు సందర్భాలు చూపుతుంది. ఒకడు జబ్బున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఏమీ మాట్లాడలేదు, అది మోసం కాదు. కొనేది అప్పుడే మేజరైన సొంత కూతురైతే చెప్పడం తండ్రి బాధ్యత. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటా’ అని కొనేవాడు అంటే, అప్పుడు నోరు మూసుకోవడం బాగుందని చెప్పడంతో సమానం. 1930 సరుకుల విక్రయ చట్టం కూడా చూసి కొనుక్కోవలసిన బాధ్యత చాలావరకు కొనేవాడి మీదే పెట్టింది. ఏ పనికి కావాలో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు మాత్రం ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి మీదికి బాధ్యత మారుతుంది. కోర్టుకు ఇవి చాలు. జగిత్యాల లాంటి చోట చాలవు. ఇక్కడ కొనేవాడు రేపు పెండ్లిలో, ఎల్లుండి బస్టాండులో ఎదురవుతాడు. చట్టం ఊరుకోనిచ్చిన చోట కూడా ఊరుకోకూడదన్నది నా గట్టి నమ్మకం. లోపం చెప్పి ధర తగ్గించడం నష్టమేమీ కాదు. కొనేవాడు తనకు తెలియని లోపాలన్నింటికీ కలిపి ముందే కోత పెట్టి అడుగుతాడు. ఉన్న ఒక్క లోపం విప్పి చెప్తే ఆ కోతలో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది.

దాచే పద్ధతులు అందరికీ తెలిసినవే. బర్రెల అంగడిలో ముందటి పూట పాలు పిండకుండా పొదుగు నింపి తెస్తారు. అందుకే తెలివైనవాడు అమ్మేవాడి ఇంటికే వెళ్లి రెండు పూటలు పిండించి చూసుకుంటాడు. గుర్రానికి నొప్పి సూది వేస్తే ఒక రోజు కుంటదు, పండ్లు రాకి వయసు తగ్గించడమూ ఉంది. బర్రెకు ఉన్న రెండు పూటల పరీక్షను గుర్రానికీ తేవాలి. బయానా తీసుకుని, వారం గడువిచ్చి, కొనేవాడు తెచ్చుకున్న డాక్టరుతో చూపించుకోమనాలి. గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించిన కాగితం ఉంటే ఇంకా మంచిది. ఆ రోగం మనిషికీ అంటుతుంది. తేలితే చికిత్స ఉండదు, జంతువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం కింద సర్కారుకు చెప్పి తీరాల్సిన జబ్బుల్లో అదొకటి. పరీక్ష ఖర్చు అమ్మేవాడే పెట్టుకుంటే ఆ కాగితం ఖర్చుకు మించి ధరను నిలబెడుతుంది. అమ్మిన రోజు తెల్లకాగితం మీద గుర్రం రంగు, గుర్తులు, వయసు, చెప్పిన లోపాలు, తెగిన ధర, ఎన్ని రోజుల దాకా ఏ జబ్బు బయటపడితే ఎవరిదో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. ఉద్దెర ఇస్తే వాయిదాలూ అందులోనే రాయాలి. ఉద్దెరకు చెప్పే ధర, నగదుకు చెప్పే ధర వేరువేరని ముందే చెప్పడం తప్పేమీ కాదు.

చివరికి మిగిలేది ముసలి గుర్రం. ఎద్దుకు పని అయిపోయినా కసాయి కట్టే ధర ఒకటి ఉంటుంది. దాని కిందికి బేరం పోదు. సిరిసిల్లలో నేత ఆగిపోయిన సాంచె ఇనుము తూకానికి పోయినట్టే అది. గుర్రానికి ఆ తూకపు ధర ఇక్కడ లేదు. పని ఉన్నంత కాలం లక్షల్లో ఉన్న విలువ, పని ఆగిన రోజున సున్నాకు పడిపోతుంది. నడుమ మెట్లు లేవు. పద్దెనిమిదేండ్ల గుర్రాన్ని పన్నెండని చెప్పి అమ్మడం ఈ భయంతోనే జరుగుతుంది, అక్కడే జంతువు కూడా నలిగిపోతుంది. కొన్నవాడు ఆ ధర రాబట్టుకోవడానికి దాన్ని పన్నెండేండ్ల గుర్రంలాగే తిప్పుతాడు. కాబట్టి పద్నాలుగు, పదిహేను మధ్యనే, కాళ్లింకా గట్టిగా ఉండగా, నిజం వయసు చెప్పి తక్కువ ధరకు తేలిక పనికి అమ్మేయాలి. పిల్లల సవారీకో, తోటలో పెంచుకునేవాళ్లకో. అది దాటితే ధర చెప్పకూడదు. వేములవాడ రాజన్నకు మొక్కుగా వచ్చిన కోడెలను దేవస్థానం రైతులకు ఉచితంగా ఇస్తూ సాకుతామని హామీ తీసుకుంటుంది. ముసలి గుర్రానికీ ఆ పద్ధతే నయం. ఎవరికిచ్చినా మళ్లీ అమ్మకూడదు, బరాత్‌కు కట్టకూడదు, సాకలేకపోతే తిరిగి నాకే ఇవ్వాలి అని రాయించుకుని ఇవ్వాలి. తీసుకునేవాడు దొరక్కపోతే దాని మేత యజమానిదే. రోడ్డు మీద వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఈ ఆఖరి ఏండ్ల మేత ఖర్చును గుర్రం బాగా సంపాదిస్తున్న రోజుల్లోనే, ఒక్కో బరాత్‌కు కొంత చొప్పున పక్కన పెట్టుకోవాలి.